ఒక ట్యాబు, ఐదుగురు కలాసీలు

కిందటి నెల పాలకొల్లు మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే ఒకమ్మాయి వచ్చి నమస్కారం పెట్టింది. కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిందట. నేను రిటైరైన టీచర్నని ఎవరో చెప్పారట.

"మేడమ్, పిల్లలకి సరదాగా ఉండి, చదువూ వచ్చే యాప్‌లు మీకు తెలుసంట కదండీ. ఓ లిస్టు రాసిపెట్టరా?"

"రాస్తాలేమ్మా" అన్నాను. ఇంటికొచ్చి కూర్చుంటే లిస్టు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపమే ఇది. లిస్టు కూడా ఇందులోనే ఎక్కడో ఉంది, వెతుక్కోండి. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, బదిలీల గొడవ ఇందులో లేదు. వాటి గురించి చెప్పడానికి ప్రతి స్టాఫ్ రూములోనూ ఒకరుంటారు.

గంధం, కుంకుమ

మా బడి గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర. ఐదో తరగతి వరకే. పిల్లలందరూ చేపల వేటకెళ్ళే వాళ్ళ పిల్లలు. నేనూ ఆ పేటలో పుట్టినదాన్నే. రిటైర్మెంటు ఇంకా కొంత దూరంలో ఉందనగా ట్యాబులొచ్చాయి.

మా హెడ్మాస్టారు వెంకట్రావుగారు మంచి మనిషి. భక్తి ఒక్కటే కాస్త ఎక్కువ. అట్టపెట్టెలు విప్పి, ట్యాబుల్ని బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ గంధం బొట్టు పెట్టి, ఎదురుగా కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు ఎగిరి ఒక ట్యాబు ఛార్జింగు కన్నంలోకి పోయాయి. అది మళ్ళీ వెలగలేదు.

"మొదటిది దేవుడికిచ్చామనుకుందాం మంగమ్మగారూ" అన్నారు తడి తుడుస్తూ.

"ఛార్జరు కూడా ఇచ్చేయండి మరి. పైన ఆయన దేంతో పెట్టుకుంటాడు?" అన్నాను.

మిగిలినవాటిని శుభ్రంగా తుడిచి బీరువాలో పెట్టి తాళం వేశారు. నాకిది కొత్త కాదు. వెనకటికి రేడియో వచ్చింది, బీరువాలోకి పోయింది. తర్వాత టీవీ వచ్చింది. అది బీరువాలో పట్టలేదు కాబట్టి దుప్పటి కప్పారు. కొత్తగా చేరిన మీకు ఒక్క మాట చెబుతాను. వస్తువు బడికి రావడం వేరు, పిల్లల చేతికి రావడం వేరు. ఆ రెంటికీ మధ్య ఒక బీరువా ఉంటుంది. దాని తాళంచెవి సంపాదించడమే మీ మొదటి డ్యూటీ.

నేను రోజూ పోరగా పోరగా వెంకట్రావుగారు దిగొచ్చారు. ఐదుగురు పిల్లలకు ఒక ట్యాబు, రోజుకో పీరియడు. సాయంత్రం మళ్ళీ లెక్కచూసి బీరువాలో పెట్టాలి.

అడిగారు కాబట్టి

బొమ్మలు గీసే యాపు మంచిదే. అయితే దానితో అక్షరాలు దిద్దించకండి. గాజు మీద వేలు జారిపోతుంది. పలక మీద బలపం గీరుకుంటూ నడుస్తుంది, ఆ గీరుకోవడంలోనే చెయ్యి నేర్చుకుంటుంది. బొమ్మలకి మాత్రం పిల్లల్ని వదిలేయండి. మా పిల్లలు గీసిన పండుగప్పకి రెక్కలు ఎక్కడుండాలో అక్కడున్నాయి. పుస్తకంలో అచ్చేసిన చేపకి మనిషి నవ్వుంది.

భూమిని పైనుంచి చూపించే మ్యాపు యాపు ఇంకా మంచిది. ఒక మధ్యాహ్నం మా పేటను వెతికి చూపించాను. బడి అంతా తగువే. "ఇది పాత ఫోటో అండి! ఈ ఇసకమేట ఇప్పుడిక్కడెక్కడుంది, అటు జరిగిపోయింది కదా" అని ఒకడు, "నీ మొహం, అది ఉప్పుటేరు అవతలిది" అని ఇంకొకడు. ఆ తగువులో తూర్పు, పడమర, ఎంత దూరం, ఎటువైపు, అన్నీ వాళ్ళంతట వాళ్ళే తేల్చుకున్నారు. నేను మధ్యలో తల దూర్చలేదు.

బుడగలు పగలగొట్టే లెక్కల యాపు శుక్రవారం చివరి పీరియడుకి బాగుంటుంది. పిల్లలు బుడగలు పగలగొట్టడం బాగా నేర్చుకుంటారు. కూడికలు మీరే చెప్పుకోవాలి.

కథల యాపులో ఒక గొంతు చదువుతుంటే కింద మాటలు రంగు మారుతుంటాయి. శబ్దం తీసేసి ఇస్తే అది పుస్తకం, శబ్దంతో ఇస్తే రేడియో. పిల్లలకు రెండూ కావాలి. ఏది ఇచ్చామో మనకు తెలియాలి, అంతే. మా బళ్ళో చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

ఇక నక్షత్రాల యాపు. దాని సంగతి తీరిగ్గా చెప్పాలి.

నాగులు

తెర మీద ఒక ప్రశ్న వస్తుంది, కింద నాలుగు జవాబులు. సరైనదాన్ని ముట్టుకుంటే టింగుమని మోగి ఒక నక్షత్రం రాలుతుంది. ఎవరి పేరు మీద తెరిస్తే నక్షత్రాలు వాళ్ళ ఖాతాలో పడతాయి. వారం తిరిగేసరికి రిపోర్టొస్తుంది.

ఆ రిపోర్టులో ఎప్పుడూ మొదటి పేరు ఐదో తరగతి నాగలక్ష్మిది. మేమంతా నాగులు అంటాం. గట్టి గొంతు, గట్టి పిల్ల. వెంకట్రావుగారు ప్రతి శనివారం ప్రార్థనలో దానికో చాక్లెట్టు ఇచ్చి చప్పట్లు కొట్టించేవారు. హాస్టలు బడిలో ఆరో తరగతి సీటుకి ప్రవేశ పరీక్ష ఉంటే, దాని పేరు ఆయనే స్వయంగా పంపించారు.

నాగులు వాళ్ళమ్మ పోలమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. ఇంట్లో చంటిపిల్లాడు. ఆవిడ నాతో ముందే తేల్చి చెప్పింది.

"ఆ హాస్టలు బళ్ళో సీటొత్తే పంపుతాను టీచరుగోరూ. తిండీ బట్టా ఆళ్ళే సూసుకుంటారు. రాపోతే మాత్రం ఐదుతో ఆపేత్తాను. సంటోణ్ణి ఎవరు సూత్తారు? నేను షెడ్డుకెళ్ళాపోతే పొయ్యెలగదు."

"అలా అనకు పోలమ్మా. పిల్ల తెలివైంది."

"తెలివైంది కాబట్టే సీటొత్తాది అంటన్నాను. మీరే కదండీ నచ్చత్రాలన్నారు?"

నక్షత్రాలన్నది నేను కాదు, వెంకట్రావుగారు. ఆ మాట అనలేకపోయాను.

దాక్కోవడం నాకు తెలుసు

నాకు అక్షరాలొచ్చింది పదిహేడేళ్ళకి. పేటలో వలలు బాగుచేసే పాకలో సాయంత్రం పూట నడిపిన బడిలో నేర్చుకున్నాను. తర్వాత ప్రైవేటుగా పదో తరగతి, ఆ తర్వాత ట్రైనింగు. నా గొప్ప చెప్పుకోవడానికి కాదు ఇది. పదిహేడేళ్ళదాకా చదువు రాదని ఎవరికీ తెలియకుండా బతికాను కాబట్టి, దాక్కునేవాళ్ళు నాకు దొరికిపోతారు.

బస్సు బోర్డు చదవలేనివాళ్ళు "ఇది నరసాపురం వెళ్ళే ముందు ఎక్కడైనా ఆగుతుందా అండి" అని చుట్టుతిరుగుడుగా అడుగుతారు. పెళ్ళి శుభలేఖ చేతికిస్తే ముందు బొమ్మను మెచ్చుకుంటారు. సినిమా పోస్టరు దగ్గర పక్కవాడి నోరు తెరుచుకునేదాకా ఆగుతారు. అన్నీ చేసినదాన్నే.

ఒకరోజు వరండాలో నాగులుకి బొమ్మల కథల పుస్తకం ఇచ్చాను.

"ఈ పేజీ చదివి వినిపించవే."

"ఈ కోతి భలే ఉందండి" అంది నాగులు.

శుభలేఖ మీద బొమ్మ గుర్తొచ్చింది నాకు. "కోతి సంగతి సరే, చదువు."

"గొంతు నొప్పండి."

"పొద్దున్న అదే గొంతుతో బడి రేకులు లేపేశావు కదే?"

"అందుకేనండి నొప్పి."

మర్నాడు ట్యాబు పీరియడులో కిటికీ అవతల నిలబడి చూశాను. ఐదుగురూ గుండ్రంగా కూర్చున్నారు. సత్యవతి అనే నోట్లో నాలుకలేని పిల్ల ప్రశ్నను మెల్లగా చదువుతోంది. మేము సత్తి అంటాం. రిపోర్టులో దాని పేరు ఎప్పుడూ అట్టడుగునే. ఒకడు నాలుగు జవాబుల్లో రెండింటిని ఏరేస్తున్నాడు. ఒకడు ఎండ పడకుండా తెరకు అట్ట అడ్డం పెట్టాడు. ఒకడు పక్క గుంపు వాళ్ళు ఎక్కడిదాకా వచ్చారో చూసొచ్చి చెబుతున్నాడు. మధ్యలో నాగులు. అందరి మాటా విని "మూడోది నొక్కు" అంటుంది, లేదా తనే నొక్కుతుంది. టింగు.

లోపలికెళ్ళాను. "ఏంటే ఇదంతా?"

"బోటండి" అంది నాగులు, బెదురేమీ లేకుండా. "నేను సరంగునండి, బోటు నడిపేదాన్ని. ఈళ్ళు కలాసీలండి. సత్తి సదివే కలాసీ."

"మరి నక్షత్రాలన్నీ నీ పేరు మీదే పడుతున్నాయేం?"

అది నన్ను జాలిగా చూసింది. "బోటు ఎవరి పేరునుంటే చేప ఆ పేరునే కాటా ఎక్కుద్ది కదండీ. ఒడ్డుకొచ్చాక పంచుకుంటాం."

"నక్షత్రాలు ఎలా పంచుకుంటారే?"

"నచ్చత్రాలెవరిక్కావాలండీ? శనివారం హెడ్మాస్టారుగోరిచ్చే చాక్లెట్టు ఐదు ముక్కలు సేత్తాను. పెద్ద ముక్క సత్తికండి, అదే కదా సదివేది."

ఇందులో మోసం ఎక్కడుందో వెతకండి, నాకు దొరకలేదు. వాళ్ళ నాన్నలు అలాగే వేట చేస్తారు. ఒకడు ఇంజను, ఒకడు వల, ఒకడు ఐసు. అందరూ అన్నీ చేస్తే బోటు మునుగుతుంది. ఐదుగురికి ఒక ట్యాబు ఇచ్చింది మనం. వాళ్ళకి తెలిసిన పద్ధతిలో దాన్ని నడిపారు. ఆ యాపు తయారుచేసినవాళ్ళెవరో ఒక ట్యాబుకి ఒక వేలే ఉంటుందనుకున్నారు, అంతే.

"సరే. నీకు చదవడం వచ్చా?" అని అడిగాను.

నాగులు ట్యాబు వైపు చూసింది. సత్తి నేల చూపులు చూసింది. చివరికి నాగులే అంది: "సరంగుకి వల లాగడం రాకపోయినా పర్లేదండి."

రిపోర్టు

వెంకట్రావుగారి గదిలో జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

"మంగమ్మగారూ, రిపోర్టు చూడండి. మండలంలోనే మన పిల్ల ముందుంది."

"రిపోర్టుకేం తెలుసండీ, నొక్కిన వేలు ఎవరిదో?"

"ట్యాబులు ఎలా వాడుతున్నామో చూడ్డానికి ఆఫీసరుగారు వస్తున్నారు. ఆయన వెళ్ళేదాకా మీరేదీ కదపకండి. తర్వాత మీ ఇష్టం."

"పరీక్ష ఆయన వచ్చేలోపే ఉందండి. కాగితం మీద. అక్కడ సత్తి పక్కన కూర్చోదు."

"పిల్లని భయపెట్టి చెడగొట్టకండి మరి!"

"ఆయ్, చెడగొట్టనులెండి. చదువు చెబుతాను."

ఆయన చెడ్డవాడు కాదని మళ్ళీ చెబుతున్నాను. మీకు దొరికే పైవాళ్ళలో చాలామంది ఇలాగే ఉంటారు. పిల్ల చదవకపోతే ఆయనకి బాధ లేదని కాదు, రిపోర్టు పడిపోతే వచ్చే ఫోను అంటే ఎక్కువ భయం. ఆ ఫోను చేసేవాడికి ఇంకో ఫోను భయం. ఆ వరస చివర ఎవరున్నారో నా సర్వీసంతా చూసినా కనిపించలేదు. సత్తి పేరు కూడా పరీక్షకి పంపమన్నాను. "అట్టడుగున ఉన్న పిల్లనా?" అన్నారు. పంపేదాకా నేను ఆయన గదిలోంచి కదల్లేదు.

లిస్టులో ఉండని యాపు

నాగులుకి నేర్పించడానికి నాకు పనికొచ్చింది మాటలు రికార్డు చేసే యాపు. అది ట్యాబుతోనే వస్తుంది. నక్షత్రాలుండవు, పాటలుండవు, ఎర్రటి చుక్క ఒకటే ఉంటుంది. ఏ ట్రైనింగులోనూ దాని ఊసెత్తలేదు.

"పోటు వచ్చే ముందు పీతలు ఏం చేస్తాయో చెప్పు" అని ఆ చుక్క నొక్కాను. నాగులు చెప్పిందే చెప్పింది. అమావాస్యకి ఏమవుతుంది, వాళ్ళ నాన్న బురద చూసి ఎలా కనిపెడతాడు, పీత కరిస్తే ఏం తిట్టాలి. తిట్లు ఒదిలేసి మిగతాదాన్ని దాని మాటల్లోనే నల్లబల్ల మీద రాశాను. తన గొంతు వింటూ ఆ మాటల మీద వేలు పెట్టుకుంటూ పోవాలి. తర్వాత గొంతు ఆపేస్తాను, వేలొక్కటే నడవాలి. తను చెప్పిన మాట కాబట్టి బొమ్మ చూసి ఊహించే పని లేదు, పారిపోయే దారీ లేదు.

దానికి విసుగొచ్చేది. నాకూ వచ్చేది. "ఇది మొన్న వచ్చిన అక్షరమే కదే!" అంటే "మొన్న ఇది ఈ మూలన లేదండి" అనేది. అరిచేదాన్ని. అదీ అరిచేది.

బోటు పద్ధతి కూడా మానలేదు. సత్తి పెదాలు కదులుతుండేవి, నాగులు వాటిని చూస్తుండేది. అప్పుడు మా రేవులో వాటాలు పంచే పద్ధతి గుర్తొచ్చింది. చేపల్ని కుప్పలుగా పోసి, ఒకడు వాటికి వీపు పెట్టి నిలబడతాడు. ఇంకొకడు ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరిది?" అంటాడు. తిరిగి ఉన్నవాడు ఏ పేరు చెబితే ఆ కుప్ప వాళ్ళది. చిన్నదైనా పెద్దదైనా, ఎవరి కుప్ప వాళ్ళే మోసుకుపోవాలి. మాటలు రాసిన పలకల్ని నేల మీద పరిచి అదే ఆట పెట్టాను. ఎవరి పేరు వస్తే ఆ పలక వాళ్ళే చదవాలి, పక్కవాడు పెదవి కదపకూడదు. ఈ న్యాయం పుట్టినప్పట్నుంచి తెలిసినదే కాబట్టి ఎవరూ తిరగబడలేదు. సత్తి తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సీటు

పరీక్ష అయింది. సీటు సత్తికి వచ్చింది. నాగులుకి రాలేదు. ఉన్న కాస్త సమయంలో అది గుణింతాలు దాటి చిన్న మాటలదాకా వచ్చింది. ఆ పరీక్షేమో పేజీలకి పేజీలు.

"సత్తికొచ్చిందాండీ?" అని అడిగింది నాగులు.

"వచ్చిందే."

"అయితే మా బోటుకొచ్చినట్టేనండి" అని నవ్వింది. ఆ నవ్వు వరండా దాటలేదు. వాళ్ళమ్మ అన్న మాట దానికీ తెలుసు.

ఏడాది పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా, పిల్లని మానిపిస్తానని ఆ మర్నాడే పోలమ్మ వచ్చింది. వెంకట్రావుగారు కంగారుపడి, ఆఫీసరుగారు వచ్చే రోజుదాకా పిల్లని ఉంచమని బతిమాలారు. "సరేనండి. ఆయన రాగానే సూపించేసి, నా పిల్లని నాకిచ్చేయండి" అంది పోలమ్మ. నేను చాలా చెప్పాను. చెప్పినంతసేపూ విని, "మీ మాట కాదని కాదండీ, సంటోడి మాట" అని వెళ్ళిపోయింది.

ఆఫీసరుగారు వచ్చిన రోజు

ముందురోజు సాయంత్రం ట్యాబులు ఛార్జింగు పెడదామని అడిగాను. వెంకట్రావుగారు అప్పటికే తుడిచి, మళ్ళీ బొట్లు పెట్టి, బీరువాలో పెట్టేశారు. "వైర్లు కనిపిస్తే అసహ్యంగా ఉంటుందండీ" అన్నారు. తాళంచెవి జేబులో వేసుకున్నారు.

ఆఫీసరుగారు పెద్దమనిషి, కుర్చీలో కాకుండా చాప మీద కూర్చున్నారు. పోలమ్మ చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నువ్వేనా అమ్మా స్టార్? ఏదీ, ఒక్కదానివే చేసి చూపించు."

"ఒక్కదాన్నేనాండీ?" అంది నాగులు. మిగతా నలుగురూ గోడవారన వరసలో ఉన్నారు. సత్తి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

వెంకట్రావుగారు బీరువాలోంచి తీసిచ్చిన ట్యాబులో నాగులు నక్షత్రాల యాపు తెరిచింది. మొదటి ప్రశ్న వచ్చింది. నాగులు వేలు గాలిలోనే ఆగిపోయింది. ప్రశ్న పొడుగ్గా ఉంది. నేను చీర కొంగు నలిపేస్తున్నాను. అప్పుడు తెర మసకబారి, మధ్యలో తెల్లటి చిన్న డబ్బాలా ఏదో వచ్చింది. టింగులేదు, గొంతులేదు.

"ఏదో ఎర్రర్ అండి. ఇలా ఇవ్వమ్మా" అని వెంకట్రావుగారు చెయ్యి చాపారు.

నాగులు ట్యాబుని తనవైపు లాక్కుంది. "ఉండండి, సదువుతున్నాను."

మొదటి అక్షరం కింద వేలు పెట్టింది.

"బ్యా... ట... రీ. బ్యాటరీ." ఊపిరి పీల్చుకుంది. "త... క్కు... తక్కువ... గా. తక్కువగా. ఉం... ది." మళ్ళీ మొదట్నుంచి వేలు నడిపించి ఒక్క గుక్కలో అంది: "బ్యాటరీ తక్కువగా ఉంది." తల ఎత్తి వెంకట్రావుగారితో అంది: "బీరువాలో పెట్టేశారు కదండీ, అందుకండి."

తెర ఆరిపోయింది. ఆఫీసరుగారు పకపకా నవ్వారు. పిల్లలూ నవ్వారు. గుమ్మంలో పోలమ్మ మొహం మాడిపోయింది. గబగబా నా దగ్గరకొచ్చింది.

"ఏంటండీ నవ్వుతున్నారు? తప్పు సేసిందా?"

"లేదు పోలమ్మా. చదివింది."

"ఎప్పుడూ సదూతానే ఉందంట కదండీ?"

"ఇప్పటిదాకా చదివింది సత్తి. ఇది నాగులు చదివింది."

పోలమ్మ ఆరిపోయిన ట్యాబుని చూసింది, కూతుర్ని చూసింది. "ఆ పలక సెప్పలేదు కదా? దీనంతట ఇదే సదివింది కదా?"

"ఆ పలకకి చెప్పే ఓపిక అయిపోయాకే చదివింది."

ఆవిడ చంటిపిల్లాణ్ణి చంకలోంచి దించి, ఆఫీసరుగారి ముందే, తెచ్చి నాగులు ఒళ్ళో కూర్చోబెట్టింది.

"బాగా సదవడం వొచ్చేదాకా ఇక్కడే సదూకో. ఈణ్ణీ ఇక్కడే సూసుకో. ఏడిత్తే టీచరుగోరు ఎత్తుకుంటారు" అంది. నన్ను అడగలేదు, హెడ్మాస్టార్నీ అడగలేదు. "నాకు షెడ్డుకి టైమైపోతందండి" అని ఆఫీసరుగారికి ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

పిల్లాడు ట్యాబు అంచు నోట్లో పెట్టుకుని, గంధం బొట్టు చప్పరిస్తున్నాడు. వెంకట్రావుగారు నావైపు చూశారు. నేను తాళంచెవి కోసం చెయ్యి చాపాను.